చిటికెన వేలి తిమ్మిరి నుంచి కొత్త హ్యాండిల్ దాకా: నా ఇంటర్‌సెప్టర్ 650 పనుల చిట్టా

ఓడోమీటరు 9,860 కి.మీ.

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మోటార్‌సైకిల్ మీద హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లి వచ్చిన రోజు రాత్రి అన్నం కలుపుకొంటుంటే కుడి చేతి చిటికెన వేలు, దాని పక్క ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి, ముద్ద వేళ్లకు తెలియలేదు. పోనూ రానూ నాలుగు వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణమది. కల్వకుర్తి దాకా ఏమీ అనిపించలేదు, డిండి దాటాక రెక్కల మధ్య నొప్పి మొదలైంది, మన్ననూరు అడవి దారిలో మాటిమాటికీ చెయ్యి దులుపుకోవలసి వచ్చింది. తిమ్మిరి రెండు రోజుల్లో తగ్గింది కాబట్టి వైద్యుడి దాకా వెళ్లలేదు కానీ, ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో గమనించడం ఆ రోజే నేర్చుకున్నాను. చిటికెన వేలికి, ఉంగరపు వేలి బయటి సగానికి స్పర్శనిచ్చేది అల్నార్ నరం. అది మోచేతి లోపలి అంచు నుంచి దిగి, అరచేతికి చిటికెన వేలి వైపున్న దిమ్మె కింద నుంచి వేళ్లలోకి వెళుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది మీడియన్ నరం సంగతి, దానికి కారణం వేరే చోట వెతకాలి. నా విషయంలో భారమంతా అరచేతి బయటి అంచు మీద పడుతోందన్నమాట. చేతి తొడుగులు తిరగేసి చూస్తే కుడిదానికి సరిగ్గా ఆ అంచున తోలు నలిగి నున్నగా మెరుస్తోంది, మిగిలిన చోట్ల ఇంకా కొత్తగానే ఉంది.

ఓడోమీటరు 9,910 కి.మీ.

ఏదైనా కొనే ముందు కొలవాలని నిశ్చయించుకున్నాను. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. బండి సీటు ఎత్తు 804 మి.మీ., అద్దాలు కాకుండా బండి వెడల్పు 789 మి.మీ. అని కంపెనీ వివరాల్లో ఉంది. ఆ వెడల్పు పొడుగాటి చేతులవారికి హాయిగానే ఉంటుంది, నాకు మాత్రం చేతులు చాచి పట్టుకున్నట్టే అవుతోంది. మెయిన్ స్టాండు మీద బండిని నిలిపి, సీటులో నాకు అలవాటైన చోట కూర్చుని, కళ్లు మూసుకుని, భుజాలు వదులుగా వదిలేసి చేతులు ముందుకు చాచాను. రెండు పిడికిళ్లలో రెండు పెన్సిళ్లు ఉన్నాయి. "కదలకు అన్నా, ఇక్కడే ఉంచు" అంటూ మా తమ్ముడు టేపుతో కొలిచాడు. నా పిడికిళ్లు సహజంగా ఆగిన చోటు గ్రిప్పులకన్నా దాదాపు 35 మి.మీ. వెనక్కి, కొద్దిగా లోపలికి ఉంది. ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నన్ను ఆశ్చర్యపరిచింది పెన్సిళ్ల వాలు. వాటి బయటి కొసలు రెండూ నా వైపు వెనక్కి, కాస్త కిందికి వంగి ఉన్నాయి. బండి హ్యాండిల్ గ్రిప్పులు వాటితో పోలిస్తే బాగా తిన్నగా ఉన్నాయి. మణికట్టు రోజంతా పక్కకు విరిచి పట్టుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

అదే సాయంత్రం గ్రిప్పులకు ముగ్గుపిండి రాసి, ఉత్త చేతులతో కాలనీలోనే మెల్లగా రెండు చుట్లు తిరిగి వచ్చాను. అరచేతిలో పిండి అంటిన చోటు చూస్తే, తొడుగు నలిగిన చోటే తెల్లటి ముద్దగా ఉంది, బొటనవేలి మొదట్లో పిండి జాడే లేదు. ఈ ఉపాయం ఖర్చు లేనిది, ఏ మార్పు చేసినా వెంటనే ఫలితం చూపిస్తుంది కాబట్టి ఆ తర్వాత ప్రతి దశలోనూ వాడాను.

ఓడోమీటరు 9,940 – 10,420 కి.మీ.

మొదట ఉన్న హ్యాండిల్‌నే సర్దాను. బ్రేకు, క్లచ్ లివర్లను హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంపులు వదులు చేసి, ముంజేయి నుంచి వేళ్ల కొసల దాకా ఒకే గీతలా వచ్చేట్టు లివర్లను కిందికి తిప్పాను. అవి మరీ పైకి ఉంటే బ్రేకు మీద వేళ్లు వేసిన ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుగుతుంది, మరీ కిందికి ఉంటే ముందుకు మడత పడుతుంది. తర్వాత హ్యాండిల్ క్లాంపు దగ్గర మార్కరుతో గీత గీసుకుని, బోల్టులు కొద్దిగా వదిలి, హ్యాండిల్‌ను వెనక్కి ఐదారు డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించాను. గ్రిప్పులు దగ్గరకు వచ్చాయి, రెక్కల మధ్య నొప్పి సగం తగ్గింది. అయితే హ్యాండిల్‌ను తిప్పితే దాని కొసలు కిందికి కూడా వాలతాయి. మూడు వందల కిలోమీటర్ల తర్వాత ముగ్గుపిండి పరీక్షలో భారం ఇంకా బయటి అంచునే కనిపించింది. హ్యాండిల్ వంపులోనే తేడా ఉంటే తిప్పడంతో సగం పనే అవుతుంది. అయినా ఎవరైనా ఈ దశ నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కొందరికి ఇక్కడితోనే సరిపోతుంది, రూపాయి ఖర్చు ఉండదు.

ఓడోమీటరు 10,450 – 10,800 కి.మీ.

అందరూ చెప్పేది ఒకటే, హ్యాండిల్ కింద పెట్టే దిమ్మెలు, అంటే రైజర్లు వేసి ఎత్తు పెంచమని. 30 మి.మీ. రైజర్లు తెచ్చి బిగించాను. ఇంటి చుట్టూ తిరిగినంతసేపు చాలా బాగుంది. విజయవాడ దారిలో సూర్యాపేట దాకా వెళ్లి వచ్చాక రెండు విషయాలు బయటపడ్డాయి. నిటారుగా కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా నేరుగా తోక ఎముక మీదికి దిగుతుంది, దారిలోని ప్రతి గుంత దెబ్బ వెన్నులోకి సూటిగా వస్తుంది. పైగా 90, 100 వేగంలో గాలి ఛాతీని వెనక్కి నెడుతుంటే, పడిపోకుండా చేతులతో హ్యాండిల్‌ను లాగి పట్టుకోవలసి వస్తుంది. ఇంతకుముందు గ్రిప్పును నొక్కిన చేతులు ఇప్పుడు గ్రిప్పుకు వేలాడుతున్నాయి, విశ్రాంతి మాత్రం లేదు. కాస్త ముందుకు వంగిన ఒంటిని వేగంలో గాలే కొంత మోస్తుందని నాకు అనుభవంతో తెలిసింది అప్పుడే.

అంతకన్నా ముఖ్యమైనది బ్రేకు పైపు. హ్యాండిల్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పితే ముందు బ్రేకు పైపు బిగుసుకుపోయి, బ్రేకు లివర్ పక్కనుండే మాస్టర్ సిలిండర్ దగ్గర తీగలా సాగి కనిపించింది. మా వీధి మెకానిక్ ఆ పైపును వేలితో మీటి, "ఎత్తు పెంచితె నడుము మంచిగైతదని అందరు వస్తరన్నా, గని పైపు పొడుగు ఎవ్వరు చూస్తలేరు" అన్నాడు. పొడుగు పైపు వేయవచ్చు, కాకపోతే దానికి పైపు కొసను పట్టి ఉంచే బ్యాంజో బోల్టు విప్పాలి, రాగి వాషర్లు కొత్తవి వేయాలి, డాట్ 4 రకం బ్రేకు ద్రవం నింపి గాలి బుడగ లేకుండా తీయాలి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ఆ పని మరింత జాగ్రత్తగా చేయాలి. నాకు కావలసింది ఎత్తు కాదని కొలతల్లో మొదటి రోజే ఉంది, కాబట్టి రైజర్లు విప్పేశాను.

ఓడోమీటరు 10,830 కి.మీ.

ఇప్పుడు ఎంపిక. ఒక హ్యాండిల్‌ను పోల్చడానికి చూడవలసినవి నాలుగు: కొస నుంచి కొసకు వెడల్పు, క్లాంపు నుంచి గ్రిప్పు దాకా ఎత్తు, వెనక్కి వచ్చే దూరం, గ్రిప్పు వాలిన కోణం. వీటికి ముందు మందం చూడాలి. నా బండికి పట్టేది ఏడు బై ఎనిమిది ఇంచీలది, అంటే 22.2 మి.మీ. క్రూయిజర్ల కోసం వచ్చే ఒక ఇంచీ హ్యాండిళ్లు 25.4 మి.మీ. ఉంటాయి. మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉండే ఫ్యాట్ బార్లు క్లాంపు దగ్గర 28.6 మి.మీ. ఉంటాయి, వాటికి క్లాంపులు కూడా మార్చాలి. దుకాణంలో పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ జేబులో పెట్టుకునే వెళ్లాను.

వంపులను పోల్చడానికి పాత ఫ్రిజ్ అట్టపెట్టెను విప్పి, ఉన్న హ్యాండిల్‌ను దాని మీద పడుకోబెట్టి పైనుంచి చూసినట్టు ఒక గీత, ముందు నుంచి చూసినట్టు ఇంకో గీత గీశాను. వాటి మీద నా పిడికిళ్లు ఆగిన చోట్లను, పెన్సిళ్ల వాలును ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టాను. ఆ అట్టను చుట్టి పుత్లీబౌలిలోని విడిభాగాల దుకాణాలకు తీసుకెళ్లాను. మూడు దుకాణాల్లో కనీసం పది హ్యాండిళ్లను అట్ట మీద పెట్టి చూశాను. అడ్డకమ్మీ ఉన్న మోటోక్రాస్ రకాలు అందంగా ఉన్నా, అవి ఇంకా వెడల్పు, ఇంకా తిన్నన. కిందికి వంగే క్లబ్‌మన్ రకం నా సమస్యను రెట్టింపు చేసేది. చివరికి నప్పింది పాతకాలపు రోడ్డు బళ్ల వంపు ఉన్న ఒక సాదా ఉక్కు హ్యాండిల్. అసలుదానికన్నా కొసకు 25 మి.మీ. చొప్పున వెడల్పు తక్కువ, ఎత్తు 20 మి.మీ. తక్కువ, వెనక్కి 30 మి.మీ. ఎక్కువ. గ్రిప్పు కోణం నా ఎర్ర గీతకు దాదాపు సమాంతరంగా వచ్చింది. దానికి 1,900 రూపాయలు ఇచ్చాను. క్లాంపు పట్టే చోట జారకుండా గరుకు గీతలు ఉన్నాయో లేదో, క్రోము కింద వెల్డింగు అతుకు ఏమైనా ఉందో వేలుతో తడిమి చూసి మరీ తెచ్చుకున్నాను. అల్యూమినియం తేలిక, కానీ దానికి రంధ్రం వేయడం నాకు ఇష్టం లేదు, ఆ కారణం కింద రాశాను.

చట్టం గురించి కూడా ఆలోచించాను. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో చేరిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉండవచ్చు. అందుకే హ్యాండిల్ తెచ్చినా వెంటనే బిగించలేదు. ముందు ఆర్టీఏ కార్యాలయంలో, బీమా సంస్థలో అడిగి, వారి సమాధానాలు కాగితం మీద తీసుకున్నాకే బండి మీద చెయ్యి వేశాను. అసలు హ్యాండిల్‌ను నూనె గుడ్డ చుట్టి అటక మీద దాచాను.

ఓడోమీటరు 10,905 కి.మీ.

బిగించడానికి ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, ట్యాంకు మీద పాత దుప్పటి మడతలు పెట్టి కప్పాను. గ్రిప్పులు కోయకుండా తీయడానికి సన్నని స్క్రూడ్రైవరుతో అంచు లేపి, సబ్బు నీళ్లు పోసి తిప్పుతూ లాగాను. బ్రేకు మాస్టర్ సిలిండర్‌ను పైపు విప్పకుండానే తీసి, ద్రవం డబ్బా మూత పైకి ఉండేట్టు గుడ్డతో కట్టి నిలిపాను. అది తలకిందులైతే గాలి చొరబడే ప్రమాదం ఉంది.

స్విచ్చుల డబ్బాల లోపల చిన్న ముల్లు ఒకటి ఉంటుంది, అది హ్యాండిల్‌లోని రంధ్రంలో కూర్చుని డబ్బా తిరగకుండా ఆపుతుంది. కొత్త హ్యాండిల్‌కు రంధ్రాలు లేవు. ముల్లును అరగదీసేయడం సులభమే, కానీ అప్పుడు కుడి వైపు యాక్సిలరేటర్ డబ్బా చేతితోపాటు తిరిగే అవకాశం ఉంటుంది. అది నాకు సమ్మతం కాదు. హ్యాండిల్‌ను ముందు చేతి బిగువుతో నిలబెట్టి, సీటులో కూర్చుని, కోణం ఖాయమయ్యాక మాస్కింగ్ టేపు మీద గుర్తు పెట్టి, సెంటర్ పంచ్ కొట్టి, ముల్లు మందానికి సరిపడే రంధ్రం వేశాను. అల్యూమినియంలో ఇలాంటి రంధ్రం దగ్గరే పగులు మొదలయ్యే అవకాశం ఎక్కువ, నేను ఉక్కు ఎంచుకున్నది ఇందుకే. రంధ్రం అంచులను సన్నని ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా రంగు అద్దాను.

క్లాంపు బోల్టులను ఒకేసారి బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెంగా తిప్పి, చివరికి సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెకు, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించాను. కొన్ని బళ్లలో ముందు బోల్టులు పూర్తిగా బిగించి వెనక సందు వదలాలి, కొన్నింట్లో రెండు వైపులా సందు సమానంగా ఉండాలి, కాబట్టి ఇక్కడ అలవాటు మీద ఆధారపడకూడదు.

హ్యాండిల్ కిందికి, వెనక్కి వచ్చింది కాబట్టి ఈసారి వైర్లు, పైపు బిగుసుకోలేదు, వదులయ్యాయి. ఎక్కువైన క్లచ్ వైరు హెడ్‌లైటు పక్కన గుండ్రంగా లేచి, హ్యాండిల్ తిప్పినప్పుడు మీటరు కింద ఇరుక్కుంటోంది. దాన్ని ఫోర్కు లోపలి వైపు నుంచి మళ్లించి వదులుగా టై వేశాను. తర్వాత ఇంజను ఆన్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాను. ఎక్కడా ఇంజను వేగం పెరగకూడదు, పెరిగిందంటే యాక్సిలరేటర్ వైరు లాగుతున్నట్టే. పెరగలేదు. పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకూ నా బొటనవేలికీ మధ్య చూపుడువేలు పట్టేంత సందు మిగిలింది. ఇంకా వెనక్కి వచ్చే హ్యాండిల్ కొని ఉంటే వేలు నలిగేది.

ఓడోమీటరు 11,100 కి.మీ.

మొదటి రెండు వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ చూశాను, ఏదీ వదులు కాలేదు. ఒక లోపం మాత్రం కనబడింది. పాత హ్యాండిల్ కొసల్లోని బరువులు కొత్త గొట్టం లోపలి మందానికి పట్టలేదు, అవి లేకుండానే నడిపాను. వేగం పెరిగే కొద్దీ గ్రిప్పుల్లో సన్నని గుంయ్‌మనే అదురు, కుడి అద్దంలో వెనక లారీ రెండు లారీలుగా కనిపించడం మొదలైంది. లోపల రబ్బరు ఉబ్బి పట్టుకునే రకం బరువులు 350 రూపాయలకు తెచ్చి వేశాక అద్దంలో లారీ మళ్లీ ఒకటే అయింది. అద్దాలు లోపలికి జరిగినందువల్ల ఇప్పుడు నా మోచేతులు కాస్త అడ్డం వస్తున్నాయి. వెడల్పు తగ్గిన హ్యాండిల్‌తో ఈ ఇబ్బంది తప్పదు. రెండు వందల కిలోలు దాటిన బండి కావడంతో, నడక వేగంలో మలుపు తిప్పడానికి ఇదివరకటికన్నా కొంచెం బలం ఎక్కువ పట్టాలి.

ఓడోమీటరు 11,560 కి.మీ.

మళ్లీ అదే శ్రీశైలం దారి. డిండి దగ్గర ఆగినప్పుడు వేళ్లు విరిచి చూసుకున్నాను, చిటికెన వేలు మామూలుగానే ఉంది. దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో హ్యాండిల్ బరువు తెలిసింది, అయితే మోచేతులు కొద్దిగా మడిచి ఉండడం వల్ల బండి మీద పట్టు ఇదివరకటికన్నా నమ్మకంగా ఉంది. తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దాటాక రెక్కల మధ్య కొద్దిగా బిగువు వచ్చింది, నొప్పి రాలేదు. ఇంటికొచ్చి ముగ్గుపిండి రాసి చూస్తే, ఎడమ అరచేతిలో పిండి అడ్డంగా సమానంగా పరుచుకుంది. కుడి దానిలో ఇంకా బయటి అంచున కాస్త చిక్కగా ఉంది, యాక్సిలరేటర్ పట్టి ఉంచే చెయ్యి కాబట్టి అది అర్థం చేసుకోదగ్గదే. వచ్చే ఆదివారం కుడి బ్రేకు లివర్‌ను ఇంకో మూడు డిగ్రీలు కిందికి తిప్పి, ఇప్పుడున్న గ్రిప్పుల స్థానంలో కొంచెం లావుపాటివి వేసి చూడాలి. కుడి వైపు యాక్సిలరేటర్ గొట్టం లావుగా ఉంటుంది కాబట్టి గ్రిప్పులు కొనేటప్పుడు రెండింటి లోపలి కొలతలూ విడివిడిగా చూడాలని పుస్తకంలో ఇప్పుడే రాసుకున్నాను.