పిడకల గోడ

ఆదివారం. వైశాఖం ఎండలు ముదిరాయి. కాలువలు కట్టేసి చాలా రోజులైంది, రేవు మెట్ల కింద బురద ఎండి నెర్రెలిచ్చింది. పొద్దున్న మొక్కలకు నీళ్ళు పోస్తూండగా హైదరాబాదు నుంచి మా పూర్వవిద్యార్థి ఫోన్ చేశాడు. హైస్కూల్లో ఐదేళ్ళు నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్న ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్ద పెద్ద గోడల మీద బొమ్మలు వేసి బతుకుతున్నాడు. మన ఊళ్ళో కాలువగట్టు మీద తాను వేసిన బొమ్మ ఫొటోను ఒక గ్యాలరీవారు చూశారనీ, అదే బొమ్మను ఆరడుగుల కాన్వాసు మీద వేసిస్తే శీతకాలంలో జరిగే ప్రదర్శనలో పెడతామన్నారనీ చెప్పి, "వెయ్యమంటారా మాస్టారండీ?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రం చెబుతానన్నాను.

ఆ బొమ్మ సంగతి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. మూడేళ్ళ కిందట సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు, గట్టు మీది మామ్మగారి పశువులపాక గోడను అడిగి పుచ్చుకుని వేశాడు. జేగురు రంగు చీర కట్టుకుని, నడుము వంచి, కుడిచెయ్యి చాచి అరచేతిని గోడకు ఆనించిన ఒక ఆడమనిషి బొమ్మ అది. పిడక మాత్రం ఒక్కటి కూడా అతడు వెయ్యలేదు, ఎందుకంటే ఆ గోడ మీద మామ్మగారు రోజూ నిజం పిడకలే కొడతారు. కొన్నాళ్ళు బొమ్మ అరచేతి కింద నాలుగే ఉంటాయి, కొన్నాళ్ళు వరస గోడ చివరిదాకా సాగుతుంది, ఆరినవి ఊడదీసిన చోట వేళ్ళ గుర్తులతో గుండ్రని మచ్చలు మిగులుతాయి. వానాకాలంలో పిడకలు కొట్టరు కాబట్టి ఖాళీ గోడ మీద ఆ చెయ్యి దేన్నో తడుముకుంటున్నట్టు కనిపిస్తుంది. ఒకే బొమ్మ ఏడాది పొడుగునా ఇన్ని అర్థాలనివ్వడం నేను వేరెక్కడా చూడలేదు. వాడి గురువునని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంటుంది.

పిడకలకు వార్నిషు పట్టించి కాన్వాసు మీద అతికిద్దామని గ్యాలరీవారు సలహా ఇచ్చారట. వారి ఉద్దేశం మంచిదే, బొమ్మను గౌరవించే ఆ మాట అన్నారు. కాని వార్నిషు పట్టించిన పిడకను పొయ్యిలో పెట్టేవారెవరు? రేపు దాన్ని ఊడదీసి దాని పక్కన ఇంకొకటి కొట్టే చెయ్యి ఏది? ఆ ఆడమనిషి పనిని రోజూ పూర్తిచేసేది మామ్మగారు. ఆమెను గట్టు మీద వదిలేసి బొమ్మను ఒక్కదాన్నే తీసుకుపోతే సగమే వెళుతుంది.

మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు అమలాపురం గడియార స్తంభం దగ్గర బొగ్గుతోనూ రంగు సుద్దలతోనూ రోడ్డు మీద ఆంజనేయస్వామిని వేసే మనిషి గుర్తుకు వచ్చాడు. మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయ్యేది, గుడ్డ మీద చిల్లర పడేది, సాయంత్రానికి ఎడ్లబండ్ల చక్రాల కింద స్వామి తోక చెరిగిపోయేది, దాని గురించి అతడు బాధపడినట్టు నాకు ఎన్నడూ కనిపించలేదు. న్యూయార్కులో కీత్ హారింగ్ అనే చిత్రకారుడు చేసిందీ సుద్దపనే. అక్కడి భూగర్భ రైల్వే స్టేషన్లలో గడువు తీరిన ప్రకటనల మీద నల్లకాగితం అంటించేవారు, 1980 నుంచి ఐదేళ్ళపాటు ఆ నల్లకాగితాల మీద అతడు తెల్లసుద్దతో పాకే పాపాయిలనూ మొరిగే కుక్కలనూ గీశాడు. రైలు వచ్చేలోగా ముగించాలి, పోలీసులు వస్తే అరెస్టు కావాలి. 1982లో గ్యాలరీ ప్రదర్శనతో పేరు రాగానే, జనం ఆ కాగితాలను గోడల నుంచి ఒలుచుకుపోయి అమ్ముకోవడం మొదలుపెట్టారు. గీసిన బొమ్మ స్టేషనులో నిలవకపోయేసరికి అతడు ఆ పని మానుకున్నాడు. గ్యాలరీ హారింగ్‌ను బతికించింది, కాని రైలు కోసం నిలబడిన కూలికీ గుమాస్తాకూ ఉచితంగా దొరికిన బొమ్మను దూరం చేసింది. 1986లో అతడు సొంతంగా దుకాణం తెరిచి తన బొమ్మలున్న చొక్కాలనూ బిళ్ళలనూ తక్కువ ధరకు అమ్మడం వెనుక ఆ జనం దగ్గరకు తిరిగి వెళ్ళాలన్న తపన ఉందని నేను నమ్ముతాను.

అదే నగరంలో గోడల మీద "సామో" అని సంతకం పెడుతూ వాక్యాలు రాసిన ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడైన జాన్-మిషెల్ బాస్కియా 1982 నాటికి గ్యాలరీలకు ముద్దుబిడ్డ అయ్యాడు. ఆ ఏడాది వేసిన ఒక పుర్రె బొమ్మ 1984లో 19,000 డాలర్లకు అమ్ముడుపోయి, 2017 వేలంలో 11.05 కోట్ల డాలర్లు పలికింది. ఆ డబ్బు చూడటానికి అతడు లేడు, 1988లోనే 27 ఏళ్ళకు చనిపోయాడు. ఆ వయస్సు తలచుకుంటే గోదావరి ఒడ్డువాడికి మరొకరు గుర్తుకు రాక మానరు. రాజమహేంద్రవరం కాలేజీ ప్రిన్సిపాలు కూల్‌డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకుని వచ్చిన చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచి సోకి చనిపోయేనాటికి ఆయనకూ 27 ఏళ్ళే. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు ఈ పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతిలో తీసుకువెళ్ళాను. వాడు ప్రతి చిత్రం ముందూ నిలబడి, బయటికి వచ్చాక, "ఇవి మా నాన్న చూస్తే బాగుండేదండి" అన్నాడు. వాళ్ళ నాన్న లారీలకూ కొట్ల బోర్డులకూ రాతపని చేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని కాస్తా పోయేదాకా ఆదివారాలు కూడా మానకుండా కుంచె పట్టినవాడు చిత్రశాల మెట్లు ఎన్నడూ ఎక్కలేదు. అందువల్ల గ్యాలరీ చెడ్డదని నేను వాడికి చెప్పలేను. ఆ గది లేకపోతే నూరేళ్ళ కిందటి రామారావు మాకు దక్కేవాడా? మన డెల్టాలో గోడకు నేల చెమ్మ ఎక్కుతుంది, ఉప్పు పూస్తుంది, నాలుగు వానలకు రంగు పొలుసులుగా రాలుతుంది. ఎంత మంచి ఎమల్షన్ వేసినా మామ్మగారి గోడ మీద ఆ చీర అంచు ఇప్పటికే అడుగు మేర పోయింది.

అయితే గోడ బొమ్మను గదిలోకి తేవడంలో ఎవరి ఇష్టం చెల్లాలి అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఇటలీలోని బొలోన్యా నగరంలో బ్లూ అనే పేరుతో పనిచేసే చిత్రకారుడు ఇరవై ఏళ్ళుగా గోడల మీద మహాచిత్రాలు వేశాడు. 2016లో అక్కడ వీధిచిత్రాల ప్రదర్శన పెడుతూ, గోడల నుంచి ఊడదీసిన బొమ్మలను వేసినవారి అనుమతి లేకుండానే లోపలికి చేర్చారు. అప్పుడు బ్లూ కొందరు సహాయకులను వెంటబెట్టుకుని, ఆ నగరంలో మిగిలిన తన బొమ్మలన్నిటి మీదా బూడిదరంగు పూసేశాడు. మొదటిసారి ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇరవై ఏళ్ళ శ్రమను చూడటానికి వచ్చే పిల్లలకు ఏం మిగిలిందని. ఈ రోజు మామ్మగారి గోడను తలచుకుంటూ మళ్ళీ ఆలోచిస్తే, అతడు పోగొట్టుకున్నదాని కన్నా కాపాడుకున్నదే ఎక్కువేమో అనిపిస్తోంది. నా మనస్సు పూర్తిగా ఒకవైపు మొగ్గిందని మాత్రం చెప్పలేను.

ఎండ తగ్గాక గట్టు మీదకు వెళ్ళాను. మామ్మగారు పేడ కలుపుతున్నారు. హైదరాబాదు వాళ్ళు ఈ బొమ్మను అడుగుతున్నారని చెబితే ఆమె కంగారుపడి, "గోడ కోసుకుపోతారా ఏంటండీ?" అన్నారు. కాదని చెప్పాను. అప్పుడు, "ఎలాగూ జ్యేష్ఠంలో మనవరాలి పెళ్ళి కదండీ, సున్నం కొట్టించాలి. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను. ఆ బాబు ఏమీ అనుకోడు కదా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. ఇంకో నెల రోజుల్లో ఆ అరచెయ్యి ఉండదు. గ్యాలరీ వద్దని చెప్పడానికి సిద్ధమైన నేను, కాన్వాసు మీదనైనా మిగిలితే చాలునని ఆ క్షణంలో గట్టిగా కోరుకున్నాను. ఫొటోలు తీస్తూంటే మామ్మగారు అడ్డం వస్తున్నాయని కింది వరస పిడకలు తియ్యబోయారు. ఉంచమని బతిమాలాను.

చీకటి పడ్డాక ఫోన్ చేసి, ముందు పనికివచ్చే మాటలు చెప్పాను. అమ్మిన ధరలో మూడోవంతు నుంచి సగం దాకా గ్యాలరీ తీసుకోవడం మామూలే కాబట్టి దానికి బెంగపడవద్దనీ, కాని ప్రతి మాటా కాగితం మీద రాయించుకొమ్మనీ అన్నాను. ఢిల్లీలో ప్రభుత్వ సభాభవనం విజ్ఞాన్ భవన్ గోడకు అమర్చిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేస్తే, 2005లో హైకోర్టు ఆయనకు మిగిలిన ముక్కలు తిరిగి ఇప్పించి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమన్నదనీ, 1957 నాటి కాపీరైటు చట్టంలో 57వ సెక్షను చిత్రకారుడి పేరునూ పనినీ కాపాడుతుందనీ వివరించాను. తరువాత అసలు సంగతికి వచ్చాను. పిడకల బొమ్మను అక్కడికి తీసుకుపోవద్దు, ఆ గదికి తగిన బొమ్మ కొత్తగా వెయ్యి అన్నాను. మనిషి రెండడుగుల దూరంలో నిశ్శబ్దంగా నిలబడి చూసే చోటు అది, అక్కడ రోడ్డు మీద సైకిలు దిగకుండా చూసేవారికి అందని సన్నని పని చెయ్యవచ్చు, మీ నాన్న బోర్డు రాస్తూ కుంచె కొసను నాలికతో తడుపుకోవడం అక్కడ వెయ్యవచ్చు అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

సున్నం మాట ఆఖరున చెప్పాను. బాధపడతాడేమోనని తడబడుతూ చెప్పాను. వాడు మాత్రం వెంటనే, "కొట్టించెయ్యమనండి మాస్టారూ, ఆ గోడకు సున్నం పడి పదేళ్ళయింది. బాగా ఆరనిచ్చాక నాకు ఫోన్ చెయ్యండి, పెళ్ళికి రెండు రోజుల ముందే వస్తాను. ఈసారి ఏం కావాలో మామ్మగారినే అడగండి" అన్నాడు.

టార్చిలైటు తీసుకుని మళ్ళీ గట్టు మీదకు వెళ్ళాను. మామ్మగారు అరుగు మీద పడుకుని ఇంకా మేలుకునే ఉన్నారు. అడిగితే, కాసేపు ఆలోచించి, "పెళ్ళికూతుర్ని వెయ్యమనండి, చెయ్యి మాత్రం అక్కడే ఉంచమనండి" అన్నారు.

సున్నం కొట్టేవాళ్ళు వచ్చే గురువారం వస్తారట.