అప్రూవ్ అయిన షాట్ మళ్ళీ ఓపెన్ అయితే

యానిమేషన్‌లో పని సరిగ్గా రానివాళ్ళే రాత్రిళ్ళు ఆఫీసులో ఉండిపోతారని మా బంధువుల్లో ఒక నమ్మకం ఉంది. కొత్తగా చేరిన పిల్లలు కూడా అదే నమ్మి, తమదే తప్పనుకుని టెన్షన్ పడుతుంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేను మాధాపూర్‌లో క్యారెక్టర్ యానిమేటర్‌ని. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఐదు సెకన్ల షాట్‌కి 120. మనిషి కుర్చీలోంచి లేవాలంటే ముందు ఒళ్ళు ముందుకి వంగాలి, బరువు పాదాల మీదకి రావాలి, అప్పుడే నడుము లేవాలి. ఆ వరస తప్పితే చూసేవాళ్ళకి ఏదో తేడా కొడుతుంది. ముందు బ్లాకింగ్, అంటే ముఖ్యమైన పోజులతో చేసిన తొలి వెర్షన్ చూపిస్తాం, కామెంట్స్ వస్తాయి, సరిచేస్తాం, మళ్ళీ కామెంట్స్. ఇదంతా పనిలో భాగమే, నాకు చాలా ఇష్టం కూడా.

అసలు చిక్కు అప్రూవ్ అయిన షాట్ మళ్ళీ ఓపెన్ అయినప్పుడు. క్లయింట్ దగ్గర ఎవరో ఎడిట్ మార్చారు, కెమెరా ఇప్పుడు అటువైపు నుంచి. బొమ్మ వీపు మీద చేసిన పని అప్పటిదాకా ఎవరికీ కనపడలేదు, ఇప్పుడు కనపడుతుంది, కాబట్టి మళ్ళీ చెయ్యాలి. బయటి నుంచి వచ్చే పని చాలావరకు ఫిక్స్‌డ్ బిడ్. డబ్బూ తేదీ ముందే ఖాయం. మార్పులు పెరిగినా డబ్బు పెరగకపోతే స్టూడియో నష్టపోతుంది, ఆ నష్టం చివరికి మా శనివారాల మీద పడుతుంది. పెద్ద స్టూడియోలకీ ఈ పద్ధతి అచ్చిరాలేదు. అప్పట్లో హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉన్న అమెరికా విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో వాళ్ళు పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది! అంత బాగా పనిచేసినవాళ్ళకే దిక్కులేకపోతే, ఇక లేటుగా ఉండిపోయినవాడికి పని రాదని ఎలా అంటాం?

ఇంతకుముందు నేను చేసిన చోట ఆదివారాలు వచ్చినందుకు కంప్ ఆఫ్, అంటే బదులు సెలవు ఇస్తామన్నారు. ఎక్కడా రాసి లేదు, ఇవ్వలేదు. ఇప్పుడున్న చోట మా లీడ్ ఒక షీట్ పెట్టారు. ఏ షాట్ ఎందుకు మళ్ళీ తెరిచాం, ఎన్ని గంటలు పట్టింది, అన్నీ అందులో ఎక్కుతాయి. ప్రొడ్యూసర్ దాన్ని క్లయింట్ ముందు పెడతారు. ప్రతిసారీ డబ్బు రాదు, కానీ డెడ్‌లైన్ అయినా జరుగుతుంది. దానివల్ల ఇంటికెళ్ళి పిల్లతో అన్నం తినగలుగుతున్నాను.

అమీర్‌పేటలో కోర్సు చేసినా, మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ డిగ్రీ చేసినా, ఆఫర్ లెటర్ చేతికి రాగానే జీతం అంకె ఒక్కటే చూడకండి. పీఎఫ్ ఉందా? ఉద్యోగి అని కాకుండా కన్సల్టెంట్ అని రాశారా? మన పని చూపించుకునే వీడియో, అదే షోరీల్‌లో షాట్ ఎప్పుడు పెట్టుకోవచ్చు? మళ్ళీ ఓపెన్ అయిన షాట్ గంటలు ఎవరు రాసిపెడతారు? సంతకం పెట్టకముందే అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.