డంబెల్ ప్రెస్‌లో అరచెయ్యి సంగతి తర్వాత, ముందు మోచెయ్యి చూడండి

మా నెల్లూరులో సోమవారం వచ్చిందంటే అన్ని జిమ్ముల్లోనూ చెస్ట్ డేనే. మాగుంట లేఅవుట్ అయినా వేదాయపాళెం అయినా సాయంత్రం ఆరు దాటితే ఫ్లాట్ బెంచ్ దొరకదు, బార్‌బెల్ దగ్గర జనాన్ని చూసి సగం మంది డంబెల్స్ ఎత్తుకుంటారు. మంచిదే. కాకపోతే డంబెల్ ప్రెస్‌కి, అంటే వెల్లకిలా పడుకుని డంబెల్స్‌ని ఛాతీ మీద నుంచి పైకి నెట్టడానికి, దిగిన కొత్త పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న, అన్నా అరచేతులు కాళ్ల వైపు ఉండాలా, ఒకదానికొకటి ఎదురుగా ఉండాలా, పైకి పోయినాక తిప్పాలా వద్దా అని. అందుకే ఈసారి వివరంగా రాస్తుండా.

ఛాతీ కండ యాడ మొదలై యాడ అతుక్కుంటదో తెలిస్తే సగం డౌట్లు అక్కడే తీరిపోతాయి. దాని పేరు పెక్టొరాలిస్ మేజర్. పైభాగం కాలర్ ఎముక దగ్గర మొదలవుద్ది, కింద ఉండే పెద్ద భాగం రొమ్ము మధ్య ఎముక నుంచి, పక్కటెముకల నుంచి వస్తది, ఈ రెండూ పోయి భుజానికి కాస్త కింద పైచేతి ఎముకకి అతుక్కుంటాయి. అంతే, మోచేతి దాకా కూడా రాదు. మనం అరచెయ్యి తిప్పేదేమో మోచేతి కింద ఉండే రెండు ఎముకల పని. కాబట్టి పైచెయ్యి కదలకుండా ఉత్త అరచెయ్యి తిప్పినంత మాత్రాన చెస్ట్‌కి ఒరిగేదేం లేదు. నమ్మకం లేకపోతే ఇప్పుడే ఎడం చేత్తో కుడి ఛాతీ పట్టుకుని, కుడి మోచెయ్యి కదలకుండా అరచెయ్యి మాత్రం అటూ ఇటూ తిప్పి చూడండి, వేళ్ల కింద ఏమీ జరగదు. అదే మోచేతిని ఛాతీకి అడ్డంగా లోపలికి తెచ్చి గట్టిగా బిగించండి, కండ రాయిలాగ అవుద్ది.

మరి పట్టు మారిస్తే తేడా ఎందుకు తెలుస్తది అంటే, చెయ్యి తిరిగితే దాంతోపాటు మోచెయ్యి కూడా జరుగుద్ది గనక. అరచేతులు కాళ్ల వైపు పెడితే మోచేతులు పక్కలకి విచ్చుకుంటాయి, చెస్ట్ కింది పెద్ద భాగానికి బాగా పని పడుద్ది, కానీ పూర్తిగా 90 డిగ్రీలకి విచ్చేసి బరువు దించితే చాలామందికి భుజం ముందు భాగంలో పట్టేస్తది. అరచేతులు ఎదురెదురుగా పెడితే మోచేతులు పక్కటెముకల దగ్గరకొస్తాయి, భుజానికి హాయిగా ఉంటది, అయితే ట్రైసెప్స్ (పైచేతి వెనక కండ), ఫ్రంట్ షోల్డర్ కూడా ఎక్కువ పని పంచుకుంటాయి. నేనైతే ఎవరికైనా ఈ రెంటికీ మధ్యలో ఉండమనే చెప్తా. మోచేతికీ ఒంటికీ మధ్య 45 నుంచి 60 డిగ్రీలు, అరచేతులు సగం తిరిగి ఉండాలి.

మా జిమ్ముకి ముత్తుకూరు వైపు నుంచి ఒక తమ్ముడు వస్తాడు, రొయ్యల గుంటల మీద పని, పొద్దున్నుంచి మేత చల్లి చల్లి భుజాలు అలిసిపోయి ఉంటాయి. డంబెల్ దించినప్పుడల్లా భుజంలో పొడుస్తుందన్నా అన్నాడు. పక్కన నిలబడి చూస్తే మోచేతులు రెండూ భుజాలకి సూటిగా పక్కలకి పోతుండాయి, హ్యాండిల్ వేళ్ల మొదట్లో ఉంది, దాంతో మణికట్టు వెనక్కి వంగిపోయి బరువంతా దాని మీదే వేలాడుతుంది. ముందు హ్యాండిల్‌ని అరచేతి కింద మందంగా ఉండే చోటికి జరిపించాను, అప్పుడు బరువు మణికట్టు మీదుగా నేరుగా ముంజేతి ఎముకల్లోకి దిగుద్ది. తర్వాత బొటనవేళ్లని కొంచెం తల వైపు తిప్పమన్నా. పైనుంచి చూస్తే రెండు డంబెల్స్ కలిసి పెంకుటింటి కప్పులాగ కనపడాలి, కొస తల వైపు ఉండాలి. మోచేతులు వాటంతట అవే నడుం వైపుకి జరిగినాయి. అదే బరువు, అదే బెంచ్, ఆ సెట్‌లోనే పొడవడం లేదన్నాడు. అట్లా మార్చినా నొప్పి వస్తానే ఉంటే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే, జిమ్ములో నెట్టుకురావద్దు.

అరచేతులు మొహం వైపు పెట్టి చేసే రివర్స్ ప్రెస్ కూడా ఉంది. దాంట్లో మోచేతులు ఒంటికి బాగా దగ్గరగా పోయి చెయ్యి కింది నుంచి పైకి లేస్తది కాబట్టి కాలర్ ఎముక దగ్గరి భాగానికి పని పడుద్ది, బైసెప్స్ (పైచేతి ముందు కండ) కూడా కలుస్తది. కానీ పట్టు అంత గట్టిగా ఉండదు, డంబెల్ జారితే మొహం మీదకే, కొత్తోళ్లకి నేను చెప్పను. అప్పర్ చెస్ట్ కావాలంటే బెంచ్‌ని 30 డిగ్రీలు లేపుకోండి చాలు. అంతకంటే బాగా లేపే కొద్దీ పని భుజాలకే పోతది.

ఇంక పైకి పోయినాక చిటికెన వేళ్లు లోపలికి తిప్పి స్క్వీజ్ చేసే అలవాటు ఒకటుంది, రీల్స్ చూసి అందరూ చేస్తుండారు. మోచెయ్యి కదలకుండా తిప్పితే అది ముంజేతి పనే. పైచెయ్యి కూడా కలిసి తిరిగితే అది బయటికి తిరగడం, ఛాతీ కండేమో పైచేతిని లోపలికి తిప్పేది, అంటే దాని పనికి ఎదురు పోయినట్టే కదా! పైగా చేతులు నిటారుగా ఉన్నప్పుడు బరువు ఎముకల మీదుగా భుజంలోకి దిగిపోతది, చెస్ట్ మీద పెద్దగా ఉండదు, ఆడ డంబెల్స్ రెండూ టంగుమని కొట్టుకున్నా ఉపయోగం లేదు. కష్టమంతా కింద ఉంది. కింద నిదానంగా దించండి, మూడు లెక్కపెట్టి దించినా తప్పులేదు. ఫ్లైస్‌లో, అంటే పడుకుని చేతులు రెండు పక్కలకి చాపి కౌగిలించుకున్నట్టు పైకి దగ్గరికి తెచ్చే వ్యాయామంలో, ఇది ఇంకా బాగా తెలుస్తది, కింద చేతులు చాపినప్పుడు మొత్తం చెస్ట్ మీదే, పైన దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఫ్లైస్‌కి అరచేతులు ఎదురెదురుగా, మోచెయ్యి కొంచెం వంచి ఆ వంపు మారకుండా చేయండి, తేలిక బరువు చాలు. పైన కూడా చెస్ట్ బిగుసుకోవాలంటే రెండు డంబెల్స్ ఆనించి ఒకదానికేసి ఒకటి నొక్కుతా ప్రెస్ చేయండి, ఆరు పలకల (హెక్స్) డంబెల్స్ అయితే జారవు.

ఏ ప్రెస్ చేసినా డంబెల్ కింద ఉన్నప్పుడు ముంజెయ్యి నిటారుగా ఉందా లేదా ఒక్కటి చూసుకోండి, కాళ్ల వైపు నుంచి చూసినా పక్కనుంచి చూసినా మోచెయ్యి సరిగ్గా మణికట్టు కిందే ఉండాలి. ఫోన్‌ని కాళ్ల వైపు వాటర్ బాటిల్‌కి ఆనించి ఒక సెట్ వీడియో తీసుకుంటే తెలిసిపోద్ది.

ఇంట్లో బెంచ్ లేనోళ్లు నేల మీద చాప వేసుకుని చేసుకోవచ్చు. మోచేతులు నేలకి తగిలి ఆగిపోతాయి కాబట్టి భుజం మరీ వెనక్కి పోదు, నొప్పి ఉన్నోళ్లకి ఇది ఇంకా నయం. అరచేతులు సగం తిప్పే పెట్టండి, మోచేతులు నేలకి తాకినాక ఒక క్షణం ఆపి మళ్లీ నెట్టండి, దబీమని నేలకేసి కొట్టుకోవద్దు.