బెల్టుకు ధర, శిక్షణకు ధర

తిరుపతిలో కరాటే, టైక్వాండో నేర్పే తరగతులకు కొదవ లేదు. ప్రైవేటు పాఠశాలల ఆవరణల్లోనూ, అపార్టుమెంట్ల సెల్లార్లలోనూ సాయంత్రమయ్యేసరికి తెల్లటి దుస్తుల్లో పిల్లలు బారులు తీరతారు. ఇది సంతోషించవలసిన విషయమే. నాకు రుచించనిది వాళ్ల నడుములకు కట్టే బెల్టుల రంగులు మారుతున్న వేగం. కొన్ని నెలలకొకసారి గ్రేడింగ్, అంటే పై బెల్టుకు పరీక్ష, జరుగుతుంది, ఫీజు కట్టిన వాళ్లంతా ఉత్తీర్ణులవుతారు, ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లకు ఎక్కుతాయి.

బంధువుల పిల్లవాడి కోసం వెళ్లి, అలాంటి గ్రేడింగ్ ఒకటి దగ్గరగా చూశాను. హెయాన్ షోదాన్ అన్నది కరాటేలోని షోటోకాన్ శైలిలో తొలిదశలోనే నేర్పే కటా, అంటే ఒక వరుసలో చేసే కదలికల కూర్పు. అందులో ఉన్నవి 21 కదలికలు. మూడోసారి అగె ఉకే (చేతిని పైకెత్తి దెబ్బను అడ్డుకోవడం) వేసి, కియాయ్ అనే కేక పెట్టిన తరువాత, వెనుకనున్న ఎడమ కాలిని తిప్పుతూ శరీరాన్ని ముప్పావు చుట్టు తిప్పాలి. సరిగ్గా ఆ మలుపు దగ్గర, బ్లాక్ బెల్టుకు ఒక్క మెట్టు కిందనుండే బ్రౌన్ బెల్టు కట్టుకున్న ఒక కుర్రవాడు ఆగి, పక్కవాడి పాదాలు ఎటు తిరుగుతున్నాయో చూసుకుని, ఆ తరువాత తిరిగాడు. బల్ల వెనుక కూర్చున్న పరీక్షకుడు ఆ సమయంలో తల వంచుకుని సర్టిఫికెట్ల మీద వరుసగా సంతకాలు పెడుతున్నారు. పరీక్ష ఇంకా సగం కూడా కాలేదు.

దీనికంతటికీ మాస్టర్ల ధనాశే కారణమని తేల్చేయడం సులువు గానీ, అది న్యాయం కాదు. హాలు అద్దె ఉంటుంది, పాఠశాలలో నేర్పితే యాజమాన్యానికి వాటా ఉంటుంది, గ్రేడింగ్ ఫీజులో పై సంఘానికి కొంత పోతుంది. నెల ఫీజు వంద రూపాయలు పెంచితే బేరమాడే తల్లిదండ్రులే, అంతకు ఎన్నో రెట్లుండే టెస్టు ఫీజును మారు మాట్లాడకుండా కడతారు. ఎందుకంటే దానికి బదులుగా చేతికి ఒక బెల్టు, గోడకు ఒక సర్టిఫికెట్ వస్తాయి. "మావోడికి బ్లాక్ బెల్ట్ ఇంగా ఎన్నాళ్లకొస్తాది సార్?" అని చేర్పించిన రోజే అడిగే తండ్రికి, "అయిదారేళ్లు పడుతుందన్నా" అని నిజం చెప్పిన మాస్టర్ దగ్గర పిల్లవాడు నిలవడు. ఇక ఆ సర్టిఫికెట్ ఎప్పుడో స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుందన్న ఆశ ఒకటి. కోటాలో చూసేది గుర్తింపు పొందిన పోటీల్లో పాల్గొన్న, గెలిచిన రికార్డునే తప్ప బెల్టు రంగును కాదు.

రంగుల బెల్టులే తప్పని వాదించేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. 1882లో టోక్యోలో కోడోకాన్ అనే జూడో పాఠశాలను స్థాపించిన కానో జిగోరో, గో అనే బల్ల మీద ఆడే ఆటలో అప్పటికే ఉన్న దాన్ శ్రేణుల (ఇప్పటి బ్లాక్ బెల్టు స్థాయిల) పద్ధతిని జూడోకు తెచ్చి, మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ ఇచ్చాడు. కరాటేలో షోటోకాన్ శైలికి మూలపురుషుడైన ఫునకోషి గిచిన్ 1924లో తొలిసారి దాన్‌లు ఇచ్చినప్పుడు అందుకున్నవారు ఏడుగురే. తెలుపుకూ నలుపుకూ మధ్య ఇన్ని రంగులు ప్రచారంలోకి రావడంలో 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి మికినొసుకే పాత్ర పెద్దది. కంటికి కనిపించే ఫలితం లేకుండా ఏళ్ల తరబడి సాధన చేయడం కష్టం కనుక, ఆ ఏర్పాటులో ఇంగితం ఉంది. పట్టా ఇచ్చేటప్పుడు గురువుకు సొమ్ము చెల్లించడం కూడా జపాన్ సంప్రదాయ కళల్లో పాత ఆచారమే.

కాబట్టి డబ్బు తీసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. నేర్పినవారే పరీక్షించి, ఉత్తీర్ణుణ్ణి చేస్తేనే రాబడి వచ్చే ఏర్పాటు మీదే నా అభ్యంతరమంతా. కొన్ని కళల్లో దీనికి పైనుంచి కొంత కట్టడి ఉంది. టైక్వాండోలో దాన్‌లు ఇచ్చే సంస్థ, సియోల్‌లోని కుక్కివాన్, 15 ఏళ్లలోపు పిల్లలకు దాన్ బదులు పూమ్ అనే పిల్లల శ్రేణిని ఇస్తుంది. మొదటి దాన్ నుంచి రెండోదానికి కనీసం ఒక ఏడాది, అక్కడి నుంచి మూడోదానికి రెండేళ్లు ఆగాలి. బ్రెజిలియన్ జూజుట్సు అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో 19 ఏళ్లు నిండనిదే బ్లాక్ బెల్టు లేదు. కరాటేలో అందరికీ ఒకే కొలబద్ద లేదు; ఏ సంఘం సర్టిఫికెట్ ఆ సంఘానిదే. అందుకే ఎనిమిదేళ్ల వయసుకే బ్లాక్ బెల్టు కట్టిన పిల్లలు మనకు అక్కడే ఎక్కువగా తారసపడతారు. (మన చిత్తూరు పల్లెల్లో కర్రసాము నేర్పే పెద్దలకు ఈ తలనొప్పి లేదు, జాతరలో పదిమంది ఎదుట కర్ర తిప్పి చూపించడమే అక్కడి పరీక్ష.)

పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు మాస్టర్‌ను అడగవలసిన ప్రశ్న, పోయినసారి గ్రేడింగ్‌లో ఎంతమంది తప్పారన్నది. ఒక్కరూ తప్పలేదంటే అక్కడ జరుగుతున్నది పరీక్ష కాదు. పరీక్షకుడు వేరే ఊరి నుంచి వస్తారా, తప్పినవాడు మళ్లీ ఫీజు కట్టాలా అన్నవి కూడా అడగవచ్చు.

చిత్తూరులో నాకు తెలిసిన ఒక మాస్టర్ టెస్టు ఫీజు పూర్తిగా ఎత్తివేసి, ఆ లోటు భర్తీ అయ్యేలా నెల ఫీజు పెంచారు. పిల్లవాడు సిద్ధమయ్యాడని తాను అనుకున్నప్పుడే బెల్టు ఇస్తానని, బెల్టు ఖరీదు తప్ప పైసా తీసుకోనని తల్లిదండ్రులకు ముందే చెప్పారు. సగం మందికి పైగా పిల్లలు పక్క వీధిలోని తరగతికి మారిపోయారు. మిగిలినవాళ్లతో ఆయన ఇప్పటికీ హెయాన్ షోదాన్ చేయిస్తున్నారు, హాలు అద్దెను పగటిపూట చేసే పీఈటీ ఉద్యోగపు జీతంలోంచి కడుతున్నారు.