అమ్మ ఎర్ర కన్ను, తలలో హోరు

అమ్మ ఎడమ కన్ను ఎర్రబడితే అందరూ కండ్లకలక అన్నారు. తెనాలిలో మందుల షాపు చుక్కలు అయ్యాయి, కంటి డాక్టరు రాసిన చుక్కలూ అయ్యాయి. ఎరుపు తగ్గలేదు. పుసి లేదు, దురద లేదు, రెండో కంటికి అంటలేదు. ఆ రోజుల్లోనే అమ్మ ఇంకో మాట అంటూ ఉండేది. "పడుకుంటే చాలు, తలలో రైసు మిల్లు ఆడినట్టు హోరురా." చెవి డాక్టరు అది వయసు వల్ల అన్నారు. కన్నూ హోరూ ఒకే జబ్బని ఎవరికీ తట్టలేదు. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

ఎడమవైపు చూస్తే ఒక మనిషి ఇద్దరుగా కనిపించడం మొదలయ్యాక హైదరాబాద్ తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ మైక్రోస్కోపులో అమ్మ కన్ను నాకూ చూపించారు. కండ్లకలకలో ఎరుపు పలచగా పరుచుకుంటుందట. ఇక్కడ రక్తనాళాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నల్లగుడ్డు అంచుదాకా వచ్చి ఉన్నాయి. కంటి ప్రెషర్ 34. మామూలుగా 21 లోపు ఉండాలి. తర్వాత అమ్మని కళ్ళు మూసుకోమని, రెప్ప మీద స్టెతస్కోపు ఆనించి విన్నారు. నా చెవులకూ పెట్టారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా 'హుష్, హుష్' అని వినిపించింది. అమ్మ ఇన్నాళ్ళూ చెప్పిన హోరు అదే!

జబ్బు పేరు కెరోటిడ్ కేవర్నస్ ఫిస్టులా. కంటి వెనక, మెదడు అడుగున కేవర్నస్ సైనస్ అని చెడు రక్తం చేరే చోటు ఒకటుంది. మెదడుకు వెళ్ళే కెరోటిడ్ ధమని, కనుగుడ్డును తిప్పే నరాలు దానిలోంచే పోతాయి. ధమనికీ ఆ సైనస్‌కీ మధ్య ఉండకూడని దారి పడితే, ధమని ఒత్తిడితో రక్తం అందులోకి దూకుతుంది. కంటి నుంచి రావాల్సిన రక్తం వెనక్కి తంతుంది. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వాళ్ళకు పెద్ద ధమనే చిరిగి హఠాత్తుగా వస్తుంది. అమ్మలా నెలసరి ఆగిన ఆడవాళ్ళకు ఏ దెబ్బా లేకుండా, చుట్టూ పొరల్లోని సన్న ధమనుల నుంచి మెల్లగా మొదలవుతుంది.

ఎమ్మారైలో కంటి పై సిర లావెక్కి కనిపించింది. ఖాయం చేసింది మాత్రం తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి తీసిన యాంజియోగ్రామ్.

చిన్నవి కొన్ని వాటంతటవే మూసుకుపోతాయి. కొందరికి మెడలో ధమనిని నొక్కిపెట్టే పద్ధతి నేర్పుతారు. ఎడమ కంటికైతే ఎడమ మెడను కుడి చేత్తోనే నొక్కాలి. మెదడుకు రక్తం తగ్గితే ముందు పట్టు తప్పేది ఆ కుడి చెయ్యే కాబట్టి అదే జారిపోతుంది, నొక్కుడు ఆగిపోతుంది. ఇది కనిపెట్టిన వాళ్ళకు దండం పెట్టాలి. డాక్టరు చెప్పకుండా మాత్రం ఎవరూ చేయకండి, మెడ ధమనిలో కొవ్వు పేరుకుని ఉంటే ప్రమాదం.

అమ్మకు రక్తం మెదడు సిరల్లోకి కూడా ఎగదన్నుతోంది, ఆగే వీల్లేదన్నారు. 1970ల్లో మాస్కోలో సెర్బినెంకో అనే డాక్టరు రక్తనాళంలోకి చిన్న బెలూన్ పంపి, అక్కడే వదిలేసి ఇలాంటి దారులు మూశారు. అమ్మకు సిరల గుండా వెళ్ళి ఆ సైనస్‌లో ప్లాటినం కాయిల్స్, అంటే సన్నటి తీగ చుట్టలు, నింపారు. మత్తు దిగగానే అమ్మ అన్న మొదటి మాట, "హోరు ఆగిందిరా."

కొన్నాళ్ళు కన్ను ఇంకా వాచింది. అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. ఎరుపు వారాల్లో తగ్గింది. రెండుగా కనిపించడం పోవడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ అమ్మ ఒక కళ్ళద్దానికి తెల్ల ప్లాస్టర్ అంటించుకుని సీరియల్ చూసింది.