బైపీసీ రెండేళ్లు: బయాలజీ నాకు ఎలా పట్టుబడింది

మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. పదో తరగతి దాకా అక్కడే చదివి, అమలాపురంలో బైపీసీలో చేరాను. చేరేటప్పుడు ఇంట్లో అందరూ చెప్పింది ఒకటే: "ఫిజిక్స్‌తోనే జాగ్రత్త. బయాలజీదేముంది, చదివితే వచ్చేస్తుంది." ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఫిజిక్స్‌లో ఒక సూత్రం పట్టుబడితే పది లెక్కలు తెగుతాయి. బయాలజీలో ప్రతి నియమానికీ ఓ మినహాయింపు, ఆ మినహాయింపు మీదే బిట్టు. పైగా నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 దీనివే, అంటే 720 మార్కుల్లో 360. ఈఏపీసెట్‌లోనూ 160కి 80.

మా బోటనీ మేడం పాఠం అవగానే పుస్తకాలు మూయించి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చేవారు. గుర్తున్నదంతా రాయాలి, బొమ్మతో సహా. మార్కులు వేసేవారు కాదు. "రాయమ్మా, ఏది రావట్లేదో నీకే తెలుస్తుంది" అనేవారు. నేను ఇంటి దగ్గర కూడా అదే పద్ధతి పెట్టుకున్నాను. నీలం పెన్నుతో గుర్తున్నది రాయడం, పుస్తకం తెరిచి మిగిలిపోయింది ఎర్ర పెన్నుతో నింపడం. మర్నాడు బస్సులో ఆ ఎర్రవి మాత్రమే చూసేదాన్ని. ఆదివారం మళ్లీ తెల్ల కాగితం, నెలాఖరున ఇంకోసారి. ప్రతిసారీ ఎరుపు తగ్గేది.

క్షయకరణ విభజనే తీసుకోండి, క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన అది. దాని మొదటి దశలోని మెట్లు లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్ అని వరసగా అప్పజెప్పడం ఎవరికైనా వస్తుంది. కానీ పరీక్షలో వరస అడగరు. వినిమయం (జత క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) ఎక్కడ జరుగుతుంది, కయాస్మాలు (అవి విడిపోతూ ఇంకా అతుక్కుని ఉన్న చోట్లు) ఎక్కడ కనబడతాయి అని అడుగుతారు. మొదటిది పాకిటీన్, రెండోది డిప్లోటీన్. రెండు రంగుల పెన్నులతో జత క్రోమోజోములు గీసి, ముక్కలు మార్చి, తర్వాత అవి విడిపోతూ ఇంకా ఎక్కడ అతుక్కుని ఉన్నాయో గీస్తే ఆ తేడా ఇక పోదు.

నాకు బాగా కలిసొచ్చింది మా కొబ్బరి తోట. ద్విఫలదీకరణ పాఠం చాలామందికి టెన్షన్. ఒక పురుషబీజం స్త్రీబీజంతో కలిసి పిండం అవుతుంది, రెండోది రెండు ధ్రువ కేంద్రకాలతో కలిసి త్రయస్థితిక (మూడు వరసల క్రోమోజోములున్న) అంకురచ్ఛదం, అంటే పిండానికి ఆహారమయ్యే కణజాలం అవుతుంది. చదివితే మాటలే. దింపు (కాయలు దించే) రోజున లేత బొండాం కొట్టించుకుని చూడండి. ఆ నీళ్లే అంకురచ్ఛదం! కేంద్రకాలు విభజన చెందుతున్నాయి గానీ మధ్యలో గోడలు కట్టుకోలేదు, కాబట్టి నీళ్లలా ఉంది. కాయ ముదిరేకొద్దీ గోడలు ఏర్పడుతూ లోపలి అంచు నుంచి మీగడలా మొదలై తెల్ల కొబ్బరి అవుతుంది. పీచు మధ్యఫలకవచం (కాయ కవచంలో మధ్య పొర), చిప్ప అంతఃఫలకవచం (లోపలి పొర). మూడు కళ్లు మూడు ఫలదళాలకు (పువ్వులో అండాశయం ఏర్పడే భాగాలకు) గుర్తు. వాటిలో మెత్తగా ఉండే కన్ను కిందే పిండం ఉంటుంది. మొలకొచ్చిన కాయ పగలగొడితే మా తమ్ముడూ నేనూ కొట్టుకునే కొబ్బరి పువ్వు అసలు బీజదళమే (విత్తనంలోని తొలి ఆకు), కొబ్బరిని పీల్చుకుని మొక్కకి అందించేది. ఈ సంగతి చెప్పాక కూడా వాడు నాకు వాటా ఇవ్వలేదు.

కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ చెరువు గట్టు మీద కలిశాయి. రొయ్యల చెరువులో ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) రాత్రిళ్లే ఎందుకు ఎక్కువ తిప్పుతారని బాబాయ్‌ని అడిగితే, "తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోద్దమ్మా" అన్నాడు. పగలు నీటిలోని నాచుజీవులు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి వెలుతురు ఉండదు, కానీ రొయ్యలతోపాటు అవి కూడా శ్వాసిస్తూనే ఉంటాయి. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శ్వాసక్రియకి పగలూ రాత్రీ లేదు.

పువ్వుల నిర్మాణం కూడా ఇలాగే నేర్చుకున్నాను. వరి కోసాక చేలో పెసర పూస్తే ఒక పువ్వు విప్పి చూసేదాన్ని: పెద్ద రేకు ఒకటి, పక్క రేకులు రెండు, పడవలా కలిసినవి రెండు, కేసరాలు తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడిగా. పెరట్లో మందారం విప్పితే కేసరాలన్నీ ఒకే గొట్టం.

అయితే అన్నిటికీ చెట్టూ చేమా దొరకవు. జంతురాజ్య వర్గీకరణలో ఉదాహరణల పేర్లు, హార్మోన్ల పట్టికలు బట్టీయే. బట్టీని తిట్టడం ఫ్యాషన్ అయిపోయింది గానీ, పేరే గుర్తులేనివాడు అర్థం చేసుకున్నది దేనికి తగిలిస్తాడు? అలాంటివి చిన్న చీటీల మీద ఒకవైపు ప్రశ్న, ఒకవైపు జవాబు రాసి బస్టాండులో తిరగేసేదాన్ని. తప్పినవి పైకి, వచ్చినవి అడుక్కి.

వీక్లీ టెస్టులకి వేరే నోటుబుక్కు. అందులో మార్కులు కాదు, బిట్టు ఎందుకు పోయిందో రాసుకోవాలి: తెలియక పోయిందా, రెండిటి మధ్య తికమకా, "సరికానిది ఏది" అన్నదాన్ని సరైనదిగా చదవడమా. నా పేపర్లలో మూడో రకమే ఎక్కువ. అప్పటి నుంచి "కానిది" అన్న మాట చుట్టూ గుండ్రం చుట్టాకే ఆప్షన్లు చూసేదాన్ని.

వరదలొచ్చి కాజ్‌వే మునిగితే మా ఊరివాళ్లకి కాలేజీ ఉండదు. ఆ రోజుల్లో కొత్త పాఠం ముట్టుకోకుండా పాతవి కలిపి రాసేదాన్ని, ఒక కాగితం మీద మూత్రనాళిక, పక్కనే నైట్రోజన్ వలయం. ఒకే పాఠం రోజంతా చదవడం కంటే ఇలా మార్చి మార్చి రాస్తే కష్టంగా ఉండేది, కానీ పరీక్షలో ప్రశ్నలు వచ్చేదీ అలాగే కదా.

ఆఖరి నెలలో గైడ్లన్నీ అటక మీద పెట్టేసి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే చదివాను, బొమ్మల కింద రాసిన వాక్యాలతో సహా. నీట్ హాల్లో ముందు బయాలజీ పట్టుకున్నాను, గంటలోపు ముగించాలన్నది లెక్క. తప్పుకి ఒక మార్కు కోత కాబట్టి, రెండు ఆప్షన్లు కూడా తీసేయలేని ప్రశ్నలు వదిలేశాను. ఈఏపీసెట్‌లో కోత లేదు, ఒక్కటీ ఖాళీగా వదల్లేదు.