నల్లార్బర్ దాటడానికి వేసిన ప్లాన్ (నా అనుభవం)

ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి అడిలైడ్‌కి, మధ్యలో నల్లార్బర్ అనే చెట్లు లేని పెద్ద మైదానం మీదుగా, రోడ్డు మీద దాదాపు 2,700 కిలోమీటర్లు. రోజుకి 900 చొప్పున మూడు రోజుల్లో వెళ్లిపోదామని రాసి నాన్నకి చూపించాను. ఆయన ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. "ఒరేయ్, డీజిల్ ఎక్కడ కొట్టిస్తావు, చీకటి పడేది ఎన్నింటికి? అవి లేకుండా ఇదేం ప్లాన్?" అన్నారు.

మళ్లీ కూర్చున్నా. డీజిల్‌కి ఇబ్బంది లేదు. నార్స్‌మన్ ఊరు దాటాక బల్లాడోనియా, కైగూనా, మదూరా, యూక్లా అంటూ రోడ్‌హౌస్‌లు (బంకు, తిండి, బస ఒకేచోట దొరికేవి) వస్తూనే ఉంటాయి, రెండింటి మధ్య 200 కి.మీ. మించదు, రేటు మాత్రం మండిపోతుంది. అసలు చిక్కల్లా చీకటితోనే. మేం అద్దెకి తీసుకున్న క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకుని వండుకునే వ్యాన్) అగ్రిమెంట్ పూర్తిగా చదివితే, ఊళ్ల బయట చీకట్లో నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని ఉంది. కంగారూలు రోడ్డెక్కేది కూడా మునిమాపు వేళే. పైగా మాది జూన్ ఆఖరు, అంటే అక్కడ చలికాలం, తూర్పుకి వెళ్లేకొద్దీ పొద్దు ఇంకా ముందే వాలిపోతుంది, కైగూనాలో పెర్త్ టైమ్ ఐదు కాకుండానే సూర్యాస్తమయం. దాంతో మూడు రోజులు కాస్తా ఆరయ్యాయి. రాత్రి మజిలీలు కూల్‌గార్డీ, కైగూనా, యూక్లా, సెడూనా, పోర్ట్ ఆగస్టా. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఇవన్నీ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డ్‌కి అంటించాం.

వంట సరుకుల దగ్గర మా ఆవిడ ప్లానే గట్టిది. సెడూనాలో క్వారంటైన్ చెక్‌పోస్ట్ ఉంది, పచ్చి కూరగాయలు, పళ్లు దాటనివ్వరు. అందుకని మిగిలిన నిమ్మకాయలన్నీ యూక్లాలోనే పిండి పులిహోర కలిపేసింది.

బల్లాడోనియా నుంచి కైగూనా వైపు 146.6 కి.మీ. ఒక్క మలుపు లేని రోడ్డు. ఎదురుగా రోడ్ ట్రైన్ (రెండు మూడు ట్రెయిలర్లు లాగే పొడవాటి లారీ) వచ్చి దాటినప్పుడల్లా ఆ గాలికి వ్యాన్ మొత్తం పక్కకి ఊగేది. పక్క సీట్లో నాన్న కుడికాలు తనకు తెలియకుండానే బ్రేక్ తొక్కుతున్నట్టు నేలకి నొక్కుకునేది.

నాలుగోరోజు దారిలో వచ్చే హెడ్ ఆఫ్ బైట్ అనే సముద్రతీరానికి ప్లాన్‌లో గంటే రాశాను. కొండ అంచున చెక్కల దారి మీంచి చూస్తే, సరిగ్గా కింద, నీళ్లలో తల్లి తిమింగలం, దాని పక్కకి ఒరుసుకుంటూ పిల్ల. నాన్న రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డవారు కదల్లేదు, పులిహోర కూడా అక్కడికే తెచ్చి పెట్టాం. టైమ్ మూడు దాటింది. సెడూనా ఇంకా దాదాపు 300 కిలోమీటర్లు, వెలుతురుండగా చేరలేం. ఆయన్ని కదిలించబుద్ధి కాలేదు. ఇంకో అరగంట అక్కడే ఉండి, వెనక్కి తిరిగి నల్లార్బర్ రోడ్‌హౌస్‌లో ఆ రాత్రికి చోటు అడిగాం.